సాంచాల చప్పుడులో తెలుగు పాఠం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనినైనా వరుస నంబర్లు వేసి కాగితం మీద రాయగలిగితే అందులో సగం అయిపోయినట్టేనని, మిగతా సగం ఆ నంబర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోవడమేనని. ఆ రోజులంటే మరీ పూర్వకాలం కాదు. డిప్లొమా పూర్తిచేసి, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని, సూరత్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో మొదటి ఉద్యోగానికి వెళ్లిన రోజులు. ఐదారేళ్లు అయిందేమో. అయినా ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టం గుర్తొచ్చినట్టే ఉంటుంది. జేబులో ఎప్పుడూ మూడు రంగుల పెన్నులు పెట్టుకు తిరిగేవాడు. నీలం చేయవలసిన పనికి, పచ్చ అయిపోయిన పనికి, ఎరుపు ఇతరుల వల్ల ఆగిపోయిన పనికి. (తన వల్ల ఆగిపోయిన పనికి రంగేదీ కేటాయించుకోలేదు. అవసరం పడుతుందని అనుకోలేదు.)

నేను చేరిన చోటు పేరు ‘భాషాభ్యాస సాంకేతిక కేంద్రం’. ఆ పేరు తలుపు మీద రెండు వరుసల్లో పట్టక మూడో వరుసలోకి దిగింది కానీ, తలుపు తీస్తే ఉన్నది మాత్రం ఒక్క గది, దానికి అంటుకుని ఇంకో చిన్న గది. ఒకప్పుడు అది క్యాసెట్లతో ఇంగ్లీషు నేర్పిన ల్యాబ్. ప్లైవుడ్ అరల్లో టేప్ రికార్డర్లు, ముట్టుకుంటే నల్లటి పొడి రాలే హెడ్‌ఫోన్లు. మొదటి రోజే లెక్క తీశాను: అరలు ఇరవై నాలుగు, పనిచేసేవి సున్నా, పావురం గుడ్లు పెట్టినవి ఒకటి. మా డైరెక్టర్ మేడమ్ గుజరాతీ ఆవిడ, భాషాశాస్త్రం చదివిన మనిషి. మాట మెత్తన, పట్టుదల మాత్రం గట్టిది. ఎనిమిది నెలల్లో ఆ ప్లైవుడ్ అంతా పీకించి కంప్యూటర్లు పెట్టించింది, తీగలన్నీ మార్పించింది, చిన్న గది గోడలకు నురగ పలకలు అతికించి దాన్ని రికార్డింగ్ గది చేయించింది. ఆ తీగలన్నిటికీ నంబర్లు వేసింది నేనే. పావురం ఉన్న అరను మాత్రం కిటికీ బయటి అంచు మీదికి మార్చి, ‘వాడుకలో ఉంది’ అని కాగితం అతికించాను.

అయితే ఆ కేంద్రం ఇంకా పరీక్ష మీదే నడుస్తోంది. ఏడాది చివర ఒక కమిటీ వచ్చి చూస్తుంది. బాగుందంటే కేంద్రం ఉంటుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. లేదంటే గది ఆటల విభాగానికి పోతుంది, నేను ఇంటికి పోతాను. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఎందుకంటే ఆటల విభాగం ఇన్‌ఛార్జి వారానికోసారి కొలత టేపు పట్టుకుని మా గదికే వచ్చేవాడు. మేం పని చేసుకుంటూ ఉండగానే గోడ నుంచి గోడకు టేపు పరిచి, “టేబుల్ టెన్నిస్ బల్లలు రెండు పడతాయి, అటు ఇటు నిలబడటానికి చోటు మిగులుతుంది” అని తనలో తాను సంతోషించి వెళ్లేవాడు. మేం ఆయన్ను టేపు సార్ అనేవాళ్లం. ఒకసారి టేపు రెండో చివర పట్టుకోమని నన్నే అడిగాడు. పట్టుకున్నాను. (కొలత తప్పు చదివితే దిద్దాను కూడా.)

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. మా బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, సూరత్ పక్కనే కార్ఖానాలుండే సచిన్ అనే చోట సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున ఆయన కార్ఖానా అంతా తిరిగి, “మా పిలగాడు యూనివర్సిటీల మిషన్లకు మాటలు నేర్పుతడు” అని చెప్పి చాయ్ తాగించాడు. అలా చాయ్ తాగినవాళ్లందరికీ మళ్లీ వెళ్లి ‘గదిలో ఇప్పుడు బల్లలు వేశారు’ అని చెప్పుకోవాల్సి వస్తుందేమోనని నాకు భయం.

కమిటీకి చూపించడానికి మేడమ్ ఒక మంచి ఆలోచన చేసింది. “ఈ ఊళ్లో ఎందరో తెలుగువాళ్లు సాంచాల మీద బతుకుతున్నారు. వాళ్లు ఆసుపత్రికి పోతే వాళ్ల బాధ డాక్టరుకి చెప్పేది ఎవరు? బడి మానేసి వెంట వచ్చిన పిల్లలు. మనం నర్సులకూ బ్యాంకు గుమాస్తాలకూ తెలుగు నేర్పుదాం” అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఆరో తరగతిలో బాపు కడుపునొప్పిని గుజరాతీలోకి మార్చింది నేనే. నేను ఎంత వివరంగా చెప్పానంటే, డాక్టరు మోకాలికి మందు రాసిచ్చాడు.

పాఠాలు రాశాం. ఇక గొంతులు కావాలి. పుస్తకం తెలుగు వద్దని, ఇక్కడివాళ్లు నిజంగా మాట్లాడే తెలుగే కావాలని మేడమ్ ముందే చెప్పింది. ముగ్గురిని నేను తెస్తానన్నాను: బాపు, అమ్మ, బాపుతో ఒకే షెడ్డులో పనిచేసే బీమ్ మామ. (నూలు చుట్టిన బీమును ఒక్కడే భుజాన వేసుకుని మెట్లెక్కినందుకు ఆయనకు ఆ పేరు.) ఫారంలో ‘ఎంపిక పద్ధతి’ అన్న గడి ఉంటే అందులో ‘శాస్త్రీయం’ అని నింపాను. ఆ సాయంత్రం మా ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నది ఆ ముగ్గురే అన్నది అందులోని శాస్త్రం.

కార్ఖానా సెలవు రోజున ముగ్గురూ వచ్చారు. మగవాళ్లిద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలకు నూనె పెట్టుకుని, పెళ్లి చూపులకు వచ్చినట్టు ఉన్నారు. నురగ గోడల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. ఒక్కసారిగా ముగ్గురి మొహాలూ మారిపోయాయి.

“ఏందిరా గిది, గింత నిమ్మలం!” అన్నాడు బీమ్ మామ, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ. “నా చెవులు గాయబైనట్టున్నయి.”

“జర ఫ్యాన్ ఎయ్‌రా. ఏదన్న సప్పుడుంటెనే మాట ఎల్తది” అన్నాడు బాపు.

“ఇంట్ల మాట్లాడనీకి మీకు ఏ సప్పుడూ అక్కర రాలె గద” అంది అమ్మ.

“ఇంట్ల నువ్వున్నవ్ గద” అన్నాడు బాపు.

నవ్వుకున్నారు కానీ మైకు ముందు నిలబడేసరికి నవ్వూ పోయింది, మాటా పోయింది. ‘నమస్తే, కూసోండ్రి’ అన్న మొదటి వాక్యాన్ని బీమ్ మామ గుడిలో మొక్కు చెప్పుకున్నట్టు పెదాలతోనే అన్నాడు. బాపు ‘ఏం తకలీఫున్నది’ అనబోయి, ‘ఏం’ దగ్గర ఆగి, నా వంక చూసి, నీళ్లడిగాడు. మూడు గంటల్లో నాలుగు వాక్యాలు అయ్యాయి, అందులో రెండు దగ్గులు. ఇరవై ముప్పై ఏళ్లు వందల సాంచాల మధ్య నిలబడి మాట్లాడిన మనుషులకు మౌనంలో మాట్లాడటం చేతకాదని ఆ రోజు తెలిసింది. వెనక మోత లేకపోతే వాళ్ల మాటకు నిలబడటానికి చోటు దొరకదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పటికీ దాన్ని తెలివైన ఆలోచన అనే అంటాను, ఫలితం సంగతి వేరు. మర్నాడు సచిన్ వెళ్లి, కార్ఖానాలో నలభై నిమిషాల సాంచాల చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. మరుసటి సెలవు రోజున ముగ్గురికీ హెడ్‌ఫోన్లు తగిలించి, ఆ చప్పుడు వాళ్ల చెవుల్లోకి వదిలాను. మీరు చూసి ఉండాల్సింది. బీమ్ మామ భుజాలు వదులయ్యాయి, కాళ్లు ఎడంగా పడ్డాయి, గడ్డం పైకి లేచింది. “నమస్తే! కూసోండ్రి!” అన్నాడు. ఆ గదిలో నురగ పలకలు ఎందుకు పెడతారో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. వెనకే బాపు, “ఏం తకలీఫున్నది! ఎక్కడ నొస్తున్నది! ఎన్ని రోజులాయె!” అని మొత్తం ఆసుపత్రి పాఠం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. చేతులు కూడా వాటంతట అవే లేచాయి. సాంచాల మధ్య సగం మాట చేతులతోనే నడుస్తుంది. కూర్చోమంటే చెయ్యి తల మీదుగా తిప్పి కిందికి దించాలి, ఎన్ని అనడానికి ఐదు వేళ్లూ ఎదుటివాడి మొహం ముందు విప్పి ఆడించాలి. కెమెరా కూడా నడుస్తోంది కాబట్టి అవన్నీ పాఠంలోకి ఎక్కాయి. రెండు గంటల్లో పన్నెండు పాఠాలు పూర్తి. పన్నెండు టిక్కులు, అన్నీ పచ్చవే.

గొంతు బలం చూపే ముల్లు మొదటి మాటకే ఎరుపులోకి పోయి అక్కడే వణుకుతూ నిలబడిన మాట నిజం. మరొకడైతే ఆలోచించేవాడు. నేను మైకు మరీ సున్నితంగా ఉందనుకుని, ముల్లు బుద్ధిగా మధ్యకు వచ్చేదాకా దాన్ని తగ్గించి, రిజిస్టర్లో ‘మైకు: అతి సున్నితం. సరిచేయబడినది’ అని రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. అన్నీ ఒకేలా ఉండాలి కదా అని నేర్చుకునేవాళ్ల మైకులన్నిటినీ అంతే తగ్గించాను. నా చెవికి ఏ తేడా తగల్లేదు. పుట్టినప్పటి నుంచి నేను విన్న తెలుగు అదే. గుజరాతీ బళ్లో నేర్చుకున్నాను, హిందీ వీధిలో నేర్చుకున్నాను, ఆ రెండూ మామూలు గొంతుతోనే వచ్చాయి. తెలుగు మాత్రం ఈ ఎత్తులోనే ఉండేది. ఏ భాష అక్షరాలు దానికి ఉన్నట్టే ఏ భాష ఎత్తు దానికి ఉంటుందని అనుకున్నాను. ఇలా అనుకున్నానని కూడా నాకు తెలియదు, అంత సహజంగా అనుకున్నాను.

ఇక మార్కులు. నేర్చుకునేవాళ్ల గొంతును మా అసలు గొంతుతో పోల్చి నూటికి ఇన్ని అని చెప్పే ప్రోగ్రామును పెట్టించింది మేడమ్, అందులో దేనికెన్ని అన్నది నిర్ణయించింది నేను. ఉచ్చారణకు నలభై, వేగానికి ఇరవై, ఆగాల్సిన చోట ఆగినందుకు పది, గొంతు బలానికి ముప్పై. గొంతు మరీ చిన్నగా ఉంటే ప్రోగ్రాం అసలు లెక్కలోకే తీసుకోకుండా ‘వినబడలేదు, మళ్లీ చెప్పండి’ అని ఎర్రగా వెలిగేది.

చేరినవాళ్లు ఆరుగురు. అందులో ముఖ్యురాలు వరాఛా పేటలో ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు బెన్. (గుజరాతీలో బెన్ అంటే అక్క.) ఆవిడ గొంతు ఎంత మెత్తనిదంటే, ఇంజెక్షన్ ఇవ్వకముందే రోగికి నిద్ర వస్తుందని తోటివాళ్లు అనేవాళ్లు. మొదటిరోజు ఆవిడ ‘ఎక్కడ నొస్తున్నది’ అని ఎంతో దయగా అడిగింది. ‘వినబడలేదు’ అంది కంప్యూటర్. తొమ్మిదిసార్లు అడిగింది. పదోసారికి పదకొండు మార్కులు వచ్చాయి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. “భాయ్, నా నోరు తెలుగుకి పనికిరాదేమో” అంది. నేను ధైర్యం చెప్పి, ఒక కాగితం మీద సూచనలు రాసిచ్చాను: నిటారుగా కూర్చోవడం, పొట్టలోంచి గాలి తీయడం, ఎదుటి మనిషి వీధి చివర ఉన్నాడని ఊహించుకోవడం. రెండో వారానికి యాభై ఎనిమిది. రెండో నెలకు తొంభై రెండు. ఆ తొంభై రెండు వచ్చిన రోజున కిటికీ అంచు మీది పావురం ఎగిరిపోయి మళ్లీ తిరిగి రాలేదు. ఆవిడ పక్కన కూర్చునే బ్యాంకు భాయ్ ఎనభై ఎనిమిది దగ్గర ఉన్నాడు. “ఈడ సంతకం పెట్టుండ్రి!” అని ఆయన అంటుంటే ఇల్లు జప్తు చేయడానికి వచ్చినట్టు ఉండేది.

ఎవరికీ అనుమానం రాలేదు. మేడమ్ జన్మలో విన్న తెలుగంతా మా బాపు, బీమ్ మామల దగ్గర విన్నదే. తలుపు దగ్గర నిలబడి, “ఎంత ఉత్సాహం గల భాష!” అని మురిసిపోయేది. టేపు సార్ మాత్రం ఒకరోజు గుమ్మంలోనే ఆగిపోయి, ఆరుగురూ కలిసి ‘గోలీలు తిన్నంక ఏసుకోండ్రి!’ అని అంటుండగా విని, టేపు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. “ఇది కూడా మా విభాగం కిందికే వచ్చేట్టుంది. కబడ్డీకి ఇద్దరిని ఇస్తారా?” అని అడిగాడు.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. నా జాబితాలో ముప్పై ఒక్క అంశాలున్నాయి, చాయ్‌లో చక్కెర సహా, అన్నీ పచ్చగా ఉన్నాయి. వచ్చినవాళ్లు ముగ్గురు. అధ్యక్షురాలు ఒక పెద్దావిడ, ఒక లెక్కల మనిషి, మూడో ఆయన తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కోస్తా పెద్దమనిషి. తెల్లటి లాల్చీ, తెల్లటి జుట్టు, గాలి కూడా నొచ్చుకోకూడదన్నట్టు మాట్లాడతాడు. ఆయన తెలుగువాడని తెలిసి నేను పొంగిపోయాను. మన పని మనవాడికి కాక ఎవరికి అర్థమవుతుంది? గొంతులిచ్చినవాళ్లని చెప్పి బాపునూ బీమ్ మామనూ కూడా పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టాం.

ప్రదర్శన ఇలా అనుకున్నాం: ప్రొఫెసర్ గారు రోగి, నర్సు బెన్ నర్సు. ఆయన కుర్చీలో కూర్చుని, నవ్వు మొహంతో, “అమ్మా, రెండు రోజులుగా కొంచెం నలతగా ఉంటోంది” అన్నారు.

నర్సు బెన్ నిటారుగా నిలబడింది. పొట్టలోంచి గాలి తీసింది. చెయ్యి తల మీదుగా తిప్పి, “నమస్తే! కూసోండ్రి!” అంది.

ఆయన అప్పటికే కూర్చుని ఉన్నారు. అయినా ఇంకోసారి కూర్చున్నారు.

“ఏం తకలీఫున్నది!”

“తల్లీ, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?” అన్నారాయన, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

“ఎక్కడ నొస్తున్నది! ఎన్ని రోజులాయె!” అంటూ ఆవిడ ఐదు వేళ్లూ ఆయన ముక్కు ముందు విప్పి ఆడించింది. అధ్యక్షురాలి సాసర్‌లోకి చాయ్ ఒలికింది. లెక్కల మనిషి ఆవిడ వైపు వంగి, “వీళ్లిద్దరికీ పాత గొడవలేమైనా ఉన్నాయా?” అని హిందీలో అడిగాడు. తెర మీద మాత్రం నా ప్రోగ్రాం ‘తొంభై నాలుగు’ అని పచ్చగా వెలుగుతోంది.

ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగారు. “బాబూ, ఈ అమ్మాయికి తెలుగు నేర్పారా, కోపం నేర్పారా?”

నేను మార్కుల పట్టిక తీశాను. నలభై, ఇరవై, పది, ముప్పై అని చెప్పుకుపోతుంటే ఆయన చెయ్యి అడ్డుపెట్టి, అసలు గొంతు వినిపించమన్నారు. హెడ్‌ఫోన్ ఇచ్చాను. పెట్టుకున్నంత వేగంగా తీసేశారు. అద్దాలు సరిచేసుకుని, “ఎవరివి ఈ గొంతులు?” అని అడిగారు. అప్పుడు, ఆ ఒక్క క్షణంలో, నేను చేసినదంతా నాకు వినబడింది. ఆయన మాట వినబడింది, దాని పక్కన నర్సు బెన్ మాట వినబడింది, మధ్యలో ఉన్న దూరమంతా నేను వేసిన ముప్పై మార్కులని తెలిసింది. గది పోయింది, ఉద్యోగం పోయింది, రెండు బల్లలు పడతాయి, అటు ఇటు నిలబడటానికి చోటు మిగులుతుంది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నా నాలుక చివరిదాకా వచ్చిన మాట ‘ఎవరో స్వచ్ఛందంగా ఇచ్చారండీ’ అన్నది. వెనక వరుసలో ఇస్త్రీ చొక్కా కనబడింది.

“మా బాపువి, సార్” అన్నాను. ఉద్యోగం మొత్తంలో నేను జాబితాలో లేకుండా చేసిన మొదటి పని అదే.

ఆయన లేచి వెనక వరుస దగ్గరికి వెళ్లారు. చేతులు జోడించి, “నమస్కారమండీ. తమరు సూరత్ వచ్చి ఎంతకాలమైందండీ?” అన్నారు. బాపు కూడా లేచి, చేతులు జోడించి, నవ్వాడు. ప్రొఫెసర్ గారు మళ్లీ అడిగారు. బాపు ఇంకొంచెం ఎక్కువ నవ్వాడు. పక్కన బీమ్ మామ కూడా అదే నవ్వు నవ్వుతున్నాడు. శేఠ్ వచ్చి ఏదో చెప్పి వెళ్లిపోయేటప్పుడు కార్ఖానాలో అందరూ నవ్వే నవ్వు అది. అధ్యక్షురాలు ఏదో రాసుకుంది. పెద్దవాళ్లను చూసి బాపు బెదిరిపోయాడనుకుని నేను ముందుకు ఒక అడుగు వేశాను.

నాకంటే ముందు నర్సు బెన్ కదిలింది. ఎవరూ అడగకుండానే, చెయ్యి తల మీదుగా తిప్పి, “బాపూ! సూరత్ ఎన్నడొచ్చిన్రు!” అంది.

“గీ పిలగాడు పుట్టకముందే వచ్చిన బిడ్డా!” అన్నాడు బాపు, అంతే ఎత్తులో, వెంటనే.

“ఏం పని చేస్తరు!”

“సచిన్ల సాంచాలు నడుపుత!”

“ఏం తకలీఫున్నది!” అంది ఆవిడ. (ఆవిడ పాఠం వరుసలో పోతోంది, అంతే. పరిచయాల పాఠం తర్వాత ఆసుపత్రి పాఠం.)

మామూలుగా ఆ ప్రశ్నకు మా బాపు జవాబు ‘ఏం లేదు’ అన్నది. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా అదే చెబుతాడు. కానీ ఆ రోజు ఆయన చెవి దగ్గర వేలు గుండ్రంగా తిప్పుతూ, “చెవులల్ల ఎప్పుడూ సాంచాలు నడుస్తనే ఉంటయి బిడ్డా! పండుకున్నా బంద్ గావు!” అన్నాడు.

“ఎన్ని రోజులాయె!”

“రోజులేంది, ఏండ్లాయె!”

“నాకు గూడ బిడ్డా!” అని లేచాడు బీమ్ మామ. “నా ఎడమ చెవుల డబల్ షిఫ్ట్ నడుస్తది!”

చెవుల గురించి మా పాఠాల్లో వాక్యం లేదు. నర్సు బెన్ ఒక్క నిమిషం తడబడింది. తర్వాత ఒక్కో పాఠంలోంచి ఒక్కో మాట పీక్కుని, “రేపు! మా దవాఖానకు! ఇద్దరూ రాండ్రి! చెవులు చూస్తం!” అని తనంతట తానే కూర్చి చెప్పింది. ఎవరూ రికార్డు చేయని తెలుగు వాక్యం మా కేంద్రంలో పుట్టడం అదే మొదటిసారి. దానికి మార్కులు వేయడం ప్రోగ్రాంకు చేతకాలేదు.

“మీరడిగితే ఎందుకు చెప్పలేదు ఆయన?” అని అధ్యక్షురాలు ప్రొఫెసర్ గారిని అడిగింది.

“నేనడిగింది ఆయనకు వినబడలేదండీ” అన్నారాయన మెల్లగా. “ఇక్కడ పరీక్ష పెడితే నాకు పదకొండుకు మించి రావు.” ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఇంకా మెల్లగా, “నాన్నగారి చెవులు ఎప్పుడైనా చూపించావా బాబూ?” అన్నారు. గది పొడవు, తీగల పొడవు, మైకుల సున్నితం, చాయ్‌లో చక్కెర, అన్నీ కొలిచినవాణ్ణి. తెలుగు ఎత్తు అనుకుని ఇరవై మూడేళ్లుగా ఇంట్లో నేను విన్నది బాపు చెవుల దూరమని ఒక్కసారీ అనుకోలేదు.

కమిటీ నివేదిక మూడు వారాలకు వచ్చింది. ఈ కేంద్రంలో నేర్చుకున్నవాళ్లు ఎవరి కోసం నేర్చుకున్నారో వాళ్లతో మాట్లాడగలుగుతున్నారని, కాబట్టి కొనసాగించవచ్చని రాశారు. నా ఉద్యోగం నిలిచింది. టేబుల్ టెన్నిస్ బల్లలు మెట్ల కింద వేశారు. (టేపు సార్ నాతో వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత మెట్ల కింద చోటు కొలవడానికి సాయం అడిగాడు.) నివేదిక చివర ఒక్క సూచన ఉంది: పాత పాఠాలను అలాగే ఉంచి, మామూలు గొంతుతో కూడా ఒక వరుస పాఠాలు తయారుచేయాలని. మామూలు గొంతు ఎవరిది? మేడమ్ మా అమ్మను రమ్మంది. ఈసారి హెడ్‌ఫోన్లు లేవు, సాంచాల చప్పుడు లేదు. “మెల్లగ మాట్లాడక శాన ఏండ్లాయె. వస్తదో రాదో” అని అమ్మ కొంగు సర్దుకుంది. తర్వాత, పక్కన పడుకున్న పసివాడు లేవకూడదన్నట్టు, “నమస్తే. కూసోండ్రి. ఏం తకలీఫున్నది?” అంది. నేను ముల్లు వైపు చూడటం మరిచిపోయాను. మా అమ్మకు అలాంటి గొంతొకటి ఉందని నాకు తెలియదు.

బాపుకూ బీమ్ మామకూ నర్సు బెన్ వాళ్ల ఆసుపత్రిలోనే చెవి మిషన్లు పెట్టారు. పెట్టుకుని వచ్చిన సాయంత్రమే అమ్మ పాఠాన్ని ఫోన్‌లో బాపుకు వినిపించాను. ఆయన తల వంచి మొత్తం విన్నాడు.

“ఎవలురా గీమె? మస్తు మంచిగ మాట్లాడుతది” అన్నాడు.

“నేనే!” అంది అమ్మ వంటింట్లోంచి, పాత ఎత్తులో. బాపు ఉలిక్కిపడి, మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు.

నేను కూడా అలవాటు కొద్దీ గుమ్మంలోంచి, “బాపూ! చాయ్ తాగినవా!” అని అడుగుతుంటే, “పక్కనే ఉన్న గద, ఎందుకురా గట్ల ఒర్రుతవ్? జర మెల్లగ చెప్పు” అంటాడిప్పుడు. ప్రయత్నిస్తాను. గొంతు తగ్గించగానే నోట్లోంచి హిందీ వస్తుంది. మెల్లగా తెలుగు మాట్లాడటం నాకెప్పుడూ అవసరం పడలేదు మరి. అందుకని ఈ మధ్య, నేర్చుకునేవాళ్లంతా వెళ్లాక, చివరి వరుసలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, అమ్మ గొంతు వింటూ, ఒక్కో వాక్యం మెల్లగా అప్పజెప్పడం మొదలుపెట్టాను. మొదటిరోజు ముప్పై ఏడు వచ్చాయి. గొంతు ఎక్కువైతే మార్కులు కోసే ఏర్పాటు చేసింది కూడా నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. అరవై తొమ్మిది దగ్గర ఆగిపోయిన రోజున మాత్రం, ముల్లు ఎరుపులో వణుకుతుంటే మైకుదే తప్పని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. గట్టిగా చెబితేనే వాడికి వినబడుతుంది, నాకేమో ఇప్పుడిప్పుడే మెల్లగా మాట్లాడటం వస్తోంది.